ఫొటోలు ఉన్నాయి, తెరిచే యంత్రం లేదు



మీ ఇంట్లో 1998కీ 2010కీ మధ్య ఏదైనా శుభకార్యం జరిగిందా? పెళ్లో, గృహప్రవేశమో, పిల్లవాడి అన్నప్రాశనో. ఆ ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పగలరా? అంతకు ముందు జరిగినవైతే ఆల్బమ్‌లో ఉంటాయి, బీరువా తెరిస్తే దొరుకుతాయి. ఈ మధ్య జరిగినవైతే ఫోన్‌లో ఉంటాయి, వేలు కదిపితే కనబడతాయి. ఆ నడుమ పన్నెండేళ్లవే ఎటూ కాకుండా పోయాయి.

ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. కెమెరాలో రీలు వేసే పని పోయింది, రీలు కడిగించే ఖర్చూ పోయింది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయి చేతిలో చిన్న డిజిటల్ కెమెరా కనబడింది. అంతవరకు ముప్పై ఆరు ఫొటోలతో సరిపెట్టుకున్న ఇంట్లో మూడు వందలు తీశారు. కార్డు నిండగానే నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి సీడీలో ఎక్కించారు. స్టూడియో వాళ్లు కూడా ఆల్బమ్‌తోపాటు ఒక సీడీ చేతిలో పెట్టారు. ఇంక ప్రింట్లెందుకు, సీడీ ఉందిగా అనుకున్నాం. దాని మీద పేరు రాసి, కవర్లో పెట్టి, భద్రంగా దాచుకున్నాం. ఇప్పుడా సీడీ ఉంది. తెరుద్దామంటే ఇంట్లో ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు.

ఇవాళ నేను మాట్లాడేది ఆ సీడీల గురించి, ఆ కార్డుల గురించి, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ల గురించి. చుట్టాలకీ స్నేహితులకీ ఇలాంటివి తెరిచిపెట్టే పని చాలా కాలంగా చేస్తున్నాను. అందులో తెలిసినదంతా మీతో పంచుకుంటాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మనం పోయాయనుకుంటున్న ఫొటోల్లో చాలావరకు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని బయటికి తీయవచ్చు. అయితే దానికి ఒక గడువుంది, అది ఏటికేడు తరిగిపోతోంది.

ముందు ఇంట్లో ఏమేం ఉన్నాయో చూసుకుందాం.

చదరంగా, పలచగా, పైన అటూ ఇటూ జరిగే రేకుతో ఉన్న ప్లాస్టిక్ బిళ్ల కనబడితే అది మూడున్నర అంగుళాల ఫ్లాపీ. అందులో పట్టేది 1.44 ఎంబీ. మీ ఫోన్‌తో ఇవాళ తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు. అయినా 1997లో సోనీ కంపెనీ మావికా అనే కెమెరాలు కొన్నింటిని ఫ్లాపీ మీదే ఫొటోలు దాచేలా తయారుచేసింది. ఆ ఫొటోలు 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు ఉండేవి. చిన్నవే, కానీ ఆ మనుషులకు ఆ వయసులో తీసిన ఫొటోలు అవే.

ఇక కార్డులు. అగ్గిపెట్టె అంత వెడల్పుండి, అంచున వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటే అది కాంపాక్ట్‌ఫ్లాష్. 1994లో శాన్‌డిస్క్ తెచ్చింది. అట్టముక్కలా పలచగా, మీద పెద్ద బంగారు రంగు రేకుతో ఉంటే అది స్మార్ట్‌మీడియా. తోషిబా 1995లో తెచ్చింది. ఫ్యూజీ, ఒలింపస్ కెమెరాల్లో ఎక్కువగా వాడారు. పొడుగ్గా బబుల్‌గమ్ ముక్కలా ఉంటే సోనీ వాళ్ల మెమరీ స్టిక్, 1998 నాటిది. ఎక్స్‌డీ అని రాసి ఉంటే 2002లో వచ్చిన ఎక్స్‌డీ పిక్చర్ కార్డు. ఇప్పటికీ నిలిచిన ఎస్‌డీ కార్డు 1999లో పుట్టింది. పదేళ్ల లోపల ఇన్ని రకాలు వచ్చాయి. ఒకదాని రీడర్‌లో ఇంకొకటి దూరదు. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. ఆ పోటీ ముగిసేసరికి మన చేతిలో కార్డు మిగిలింది, దాన్ని చదివే రీడర్ మార్కెట్లోంచి వెళ్లిపోయింది.

వీటితోపాటు పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు ఉండొచ్చు. వెనకవైపు రెండు వరసల సూదులుంటే అది ఐడీఈ రకం. పాత నోకియా ఫోన్ ఉంటే దాని బ్యాటరీ కింద చిన్న కార్డు ఉండొచ్చు. అన్నీ ఒక చోట చేర్చండి. ఏది ఎవరిదో, ఎప్పటిదో తెలిసినంతవరకు చీటీ రాసి కవరు మీద అంటించండి. సీడీ మీద మాత్రం అంటించకండి. ఎందుకో తరవాత చెబుతాను.

వస్తువు పాడవడం ఒక ప్రమాదం. దాన్ని చదివే యంత్రం కనుమరుగవడం ఇంకో ప్రమాదం. మనందరి భయం మొదటిదాని గురించే. నిజానికి రెండోదే ముందు ముంచుకొస్తుంది. దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది, అది చంద్రుడి దగ్గర మొదలవుతుంది.

1966, 67 సంవత్సరాల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చంద్రుడి చుట్టూ తిరగడానికి లూనార్ ఆర్బిటర్ పేరుతో అయిదు నౌకలు పంపింది. మనుషుల్ని దించడానికి అనువైన చోటు వెతకడం వాటి పని. అవి తీసిన ఫొటోలను నౌకలోనే కడిగి, రేడియో సంకేతాలుగా మార్చి భూమికి పంపాయి. ఇక్కడ వాటిని పెద్ద పెద్ద అయస్కాంత టేపుల మీద రికార్డు చేశారు. ఇవి నేటి అర్థంలో డిజిటల్ ఫొటోలు కావు, కానీ కథ మాత్రం మన సీడీల కథే. చంద్రుడి మీద మనుషులు దిగారు, వచ్చారు, టేపులు గోదాములో పడ్డాయి. వాటిని చదివే ఆంపెక్స్ ఎఫ్ఆర్ 900 యంత్రాలు బీరువాల కన్నా పెద్దవి. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆ టేపుల బాధ్యత చూసిన నాన్సీ ఎవాన్స్ అనే ఆవిడ వాటిని పారేయడానికి ఒప్పుకోలేదు. అక్కడితో ఆగకుండా, పనికిరాని సామాను కింద పోవాల్సిన ఆ యంత్రాలను తెచ్చి తన ఇంటి గ్యారేజీలో ఏళ్ల తరబడి దాచింది.

2008 నాటికి డెనిస్ వింగో, కీత్ కౌయింగ్ అనే ఇద్దరు పూనుకున్నారు. కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ కేంద్రం ఆవరణలో మూతబడిన ఒక మెక్‌డొనాల్డ్స్ హోటల్ భవనంలో ఆ యంత్రాలను నిలబెట్టారు. దొరికిన విడిభాగాలతో బాగుచేశారు. ఆ ఏడాది నవంబరులో మొదటి ఫొటో బయటికొచ్చింది. 1966 ఆగస్టు 23న లూనార్ ఆర్బిటర్ 1 తీసినది, చంద్రుడి అంచు మీద నుంచి కనిపించే భూమి. అంతకు నలభై రెండేళ్ల ముందు ప్రపంచం చూసిన దానికంటే ఎంతో స్పష్టంగా వచ్చింది. అంటే ఆ వివరమంతా అన్నేళ్లూ టేపులోనే ఉంది. టేపు నిలిచింది, యంత్రం మాయమైపోబోయింది. యంత్రాన్ని కూడా దాచాలని ఒక మనిషికి తోచింది కాబట్టి ఆ ఫొటోలు దక్కాయి.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది సూటిగా ఉంది. పాత కెమెరాను తూకానికి అమ్మకండి. కార్డు రీడర్ బజార్లో దొరక్కపోయినా ఆ కార్డు వాడిన కెమెరాయే దానికి రీడర్. పెన్సిల్ బ్యాటరీలతో నడిచే కెమెరా అయితే కొత్త బ్యాటరీలు వేస్తే చాలు, చాలాసార్లు లేచి కూర్చుంటుంది. దాని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే ఫొటోలు దిగుతాయి. కాబట్టి కెమెరాను, దాని కేబుల్‌ను, ఛార్జర్‌ను కార్డుతోపాటే ఉంచండి. ఇంట్లో లేకపోతే వెతకాలి. యూఎస్‌బీతో కలిపే ఫ్లాపీ డ్రైవులు, సీడీ డ్రైవులు, ఐడీఈ హార్డ్ డిస్కులకు పెట్టే అడాప్టర్లు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి చూడొచ్చు. ఎర్రగడ్డలో ఆదివారం జరిగే పాత సామాన్ల సంతలో ఓపిగ్గా వెతికితే కొత్త దుకాణాల్లో లేనివి కొన్ని కనబడతాయి.

ఇప్పుడు వస్తువు పాడవడం సంగతి. రాయగల సీడీలో ఒక పలచని రంగు పొర ఉంటుంది. రాసేటప్పుడు లేజర్ కిరణం ఆ రంగులో చుక్కలు చుక్కలుగా గుర్తులు వేస్తుంది. ఎండకీ వేడికీ ఆ రంగు వెలిసిపోతుంది. రంగు మీద అద్దంలా మెరిసే లోహపు పూత, దాని మీద వార్నిష్ లాంటి సన్నని పొర, దాని మీద మనం పేరు రాసే వైపు. చాలామంది సీడీ కింది వైపు గీతలు పడతాయని భయపడతారు. కింది వైపు ఒక మిల్లీమీటరుకు పైగా మందమున్న ప్లాస్టిక్ కాపు ఉంటుంది. చిన్న గీత పడినా పాలిష్ చేసి చదివించవచ్చు. పేరు రాసే వైపే సున్నితం. అక్కడ బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, స్టిక్కర్ అంటించి పీకినా, లోహపు పూత లేచిపోతుంది. ఆ సీడీని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, సూది మొనంత రంధ్రాల్లోంచి వెలుగు కనబడుతుంది. అక్కడున్న ఫొటో ఇక రాదు. చీటీ అంటించొద్దన్నది ఇందుకే.

మెమరీ కార్డులో రంగు లేదు, అయస్కాంతం లేదు. కంటికి కనబడని చిన్న చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశమే అందులోని ఫొటో. సంవత్సరాలు గడిచేకొద్దీ అది కొంచెం కొంచెంగా కారిపోతుంది. వేడి దానికి తోడైతే ఇంకా తొందరగా పోతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో రేకుల అటక మీద ఉంచిన కార్డుకు ఎంత పరీక్షో ఊహించుకోండి. ఫ్లాపీలకు, టేపులకు వేడికంటే చెమ్మ పెద్ద శత్రువు. సముద్ర తీరపు ఊళ్లలో వాటి మీద బూజు పడుతుంది. బూజు పట్టిన ఫ్లాపీని అలాగే డ్రైవులో పెడితే ఫ్లాపీ పోవడమే కాదు, డ్రైవులో చదివే తల కూడా మురికై తరవాత పెట్టిన ఫ్లాపీని పాడుచేస్తుంది. రేకు జరిపి లోపలి బిళ్లను ఒకసారి చూసి, శుభ్రంగా ఉంటేనే పెట్టండి.

సరే, రీడర్ దొరికింది. కార్డు పెట్టారు. ఇక్కడే అన్నిటికంటే పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. కార్డు కాస్త దెబ్బతిని ఉంటే కంప్యూటర్ తెర మీద ఒక ప్రశ్న వేస్తుంది: ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. చేయి ఊరుకోదు, అవును అన్న దాని మీద నొక్కేస్తాం. నొక్కకండి. కంప్యూటర్‌కు ఆ కార్డు అర్థం కాలేదంతే, అందులో ఏమీ లేదని కాదు. వద్దు అని చెప్పి, కార్డు బయటికి తీసేయండి. మొదటి పని, పాత కార్డు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకుండా చూసుకోవడం. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న తాళం మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరపండి. ఫ్లాపీ మూలన ఉన్న ప్లాస్టిక్ ముక్కను రంధ్రం కనబడేలా జరపండి. అప్పుడు కంప్యూటర్ చదవగలదు గానీ రాయలేదు. ఆ కార్డు పనిచేస్తోందా లేదా చూద్దామని కెమెరాలో పెట్టి కొత్త ఫొటో తీసి చూసేవాళ్లుంటారు. ఆ కొత్త ఫొటో ఏ పాత ఫొటో మీద కూర్చుంటుందో ఎవరూ చెప్పలేరు.

రెండో పని, కార్డులో ఉన్నది ఉన్నట్టుగా, మొదటి గడి నుంచి చివరి గడి దాకా, కంప్యూటర్లో ఒకే పెద్ద ఫైలుగా ప్రతి తీసుకోవడం. ఫొటోలను ఒక్కొక్కటిగా కాపీ చేయడం వేరు, ఇది వేరు. ఇందులో ఖాళీగా కనిపించే చోటు కూడా వస్తుంది. ఎందుకంటే పోయిన ఫొటోలు ఆ ఖాళీలోనే ఉంటాయి. ఈ పనికి డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని తెలివి ఏమిటంటే, ముందు బాగున్న చోట్లన్నీ గబగబా ప్రతి తీసేస్తుంది, మొండికేసిన చోట్లను పక్కన పెట్టి రాసుకుంటుంది, చివర్లో మళ్లీ వాటి దగ్గరికి వచ్చి ప్రయత్నిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కును పాడైన చోట పదే పదే గీరితే మిగతాది కూడా పోతుంది. అందుకే దొరికింది ముందు దక్కించుకోవాలి. ఈ ప్రతి చేతికొచ్చాక అసలు కార్డును కవర్లో పెట్టి పక్కన ఉంచేయండి. వెతుకులాట అంతా ప్రతి మీదే.

మూడో పని, ఆ ప్రతిలో ఫొటోలను వెతకడం. కార్డులో ఫొటో చెరిపేశామంటే మనం అనుకున్నంత జరగదు. ప్రతి కార్డులోనూ ఏ ఫొటో ఎక్కడ మొదలవుతుందో రాసిన పట్టిక ఒకటి ఉంటుంది. డిలీట్ నొక్కితే కెమెరా ఆ పట్టికలో ఫొటో పేరులోని మొదటి అక్షరం తీసేసి అక్కడ ఒక గుర్తు పెడుతుంది, ఈ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అంతే. పుస్తకంలో విషయసూచిక చింపేసినంత మాత్రాన కథలు చెరిగిపోవు కదా. ఇంకో ఫొటో వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాత ఫొటో అక్కడే ఉంటుంది. మామూలుగా చేసే ఫార్మాట్ కూడా చాలా పాత కార్డుల్లో ఇంతే.

పట్టికే లేకపోతే ఫొటోను ఎలా పోల్చుకోవాలి? కెమెరాలు ఎక్కువగా వాడే జేపెగ్ పద్ధతిలో ప్రతి ఫొటో ఒకే రకం గుర్తుతో మొదలవుతుంది, ఇంకో గుర్తుతో ముగుస్తుంది. ఆ మొదటి గుర్తు ఎక్కడెక్కడ ఉందో కార్డంతా గాలించి, అక్కడి నుంచి ఉన్నదాన్ని ఫొటోగా బయటికి తీసే ప్రోగ్రాం ఉంది. దాని పేరు ఫొటోరెక్. క్రిస్టొఫ్ గ్రెనియే అనే ఫ్రెంచి ఆయన రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. చూడటానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, ఆకర్షణ ఏమీ ఉండదు. కానీ అంకె ఒక్కటొక్కటిగా పెరుగుతూ పోతుంటే, ఖాళీ అనుకున్న కార్డులోంచి నూరు, రెండు నూర్లు ఫొటోలు వస్తుంటే, పక్కన కూర్చున్న ఇంటివాళ్లకు మాట రాదు.

వచ్చినవన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో సగం వరకు మండపం, పూలదండలు, పెళ్లికూతురి మొహం బాగా వచ్చి, ఆ కింద అంతా బూడిద రంగు. కొన్నింటిలో సగం నుంచి రంగులు మారిపోయి, బొమ్మ పక్కకు జరిగిపోయి ఉంటుంది. జేపెగ్‌లో బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా రాస్తారు, ఒక ముక్కకు ముందున్న ముక్కతో లెక్క ముడిపడి ఉంటుంది. నడుమ ఒక చోట తప్పితే అక్కడి నుంచి లెక్కంతా తప్పుతుంది. అలాంటప్పుడు కూడా ఆశ వదలకండి. చాలా కెమెరాలు ఫొటోతోపాటే దాని చిన్న నమూనా ఒకటి, 160 చుక్కల వెడల్పుతో, 120 చుక్కల ఎత్తుతో, ఫైలు మొదట్లోనే దాస్తాయి. కెమెరా వెనక తెర మీద తొందరగా చూపించడానికి అది. పెద్ద ఫొటో సగంలో పోయినా ఆ చిన్నది పూర్తిగా నిలిచి ఉండొచ్చు. తపాలా బిళ్లంత ఫొటోయే అనుకోండి. తాతగారిది వేరే ఫొటో ఒక్కటీ లేని ఇంట్లో దాని విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

సీడీలకు కొన్ని చిట్కాలు. మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. ఒక డ్రైవులో రాకపోతే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఒకటి చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. ముఖ్యంగా పాత కాలపు డ్రైవులకు పాత సీడీలతో చుట్టరికం ఎక్కువ. ఇంకో సంగతి. నెట్ సెంటర్లో ఒకే సీడీలో రెండు మూడు సార్లుగా ఫొటోలు ఎక్కించిన వాళ్లున్నారు. రెండోసారి రాసేటప్పుడు పాత జాబితాను కలపకపోతే, తెరిచినప్పుడు చివరి విడతే కనబడుతుంది. సీడీ కింది వైపు చూస్తే రాసినంత మేర రంగు తేడాగా వలయం కనబడుతుంది. వలయం పెద్దగా ఉండి ఫొటోలు కొన్నే కనబడుతుంటే మొదటి విడత లోపల దాక్కుని ఉన్నట్టే. ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాంలు ఆ పాత విడతలను చూపిస్తాయి.

హార్డ్ డిస్కు విషయంలో చెవులే ముఖ్యం. కరెంటు ఇవ్వగానే టిక్కు టిక్కుమని అదే పనిగా కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. లోపల పళ్లాల మీద తేలుతూ చదివే తల దెబ్బతిన్నదని అర్థం. తిరిగే ప్రతి నిమిషం పళ్లేన్ని గీకేస్తుంది. మూత విప్పి చూడాలనుకోకండి. లోపలి సందు దుమ్ము రేణువు కన్నా ఎన్నో రెట్లు సన్నం. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరో చెబుతారు, వినకండి. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. ఇది దుమ్ము చొరబడని గది ఉన్న డేటా రికవరీ వాళ్లు చేయాల్సిన పని. ఖర్చు ఎక్కువే. ఇచ్చే ముందు మూడు మాటలు అడగండి. ఫొటోలు రాకపోతే ఎంత తీసుకుంటారు? అసలు డిస్కు తిరిగి ఇస్తారా? మా ఫొటోల ప్రతి మీ దగ్గర ఉంచుకుంటారా? ఆడపిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు అందులో ఉంటాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంత చేసి తెచ్చుకున్న ఫొటోలను మళ్లీ ఒకే పెన్ డ్రైవులో పెట్టి అదే బీరువాలో పెడితే పదేళ్లకు కథ మొదటికొస్తుంది. కనీసం మూడు చోట్ల ఉంచండి. ఇంట్లో ఒక హార్డ్ డిస్కులో, ఇంకో ఊళ్లో ఉన్న కూతురి దగ్గరో తమ్ముడి దగ్గరో ఒకదానిలో, ఆన్‌లైన్‌లో ఒక చోట. ఆన్‌లైన్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మన కాలేజీ పిల్లలంతా ఒకప్పుడు ఆర్కుట్‌లో ఫొటోలు పెట్టుకునేవారు. 2014 సెప్టెంబరు 30న అది మూతబడింది. ఇంటర్నెట్ పునాదులు వేసిన వాళ్లలో ఒకరైన వింట్ సెర్ఫ్ 2015లో ఒక సభలో హెచ్చరించిన సంగతి ఇదే. మన తరం గురించి ముందు తరాలకు ఏమీ తెలియకుండా పోయే ప్రమాదముందని ఆయన భయం. నిజంగా ముఖ్యమనుకున్న ఫొటోలను కాగితం మీద ప్రింటు వేయించుకోమని ఆయనే చెప్పాడు. కంప్యూటర్ల మనిషి అన్న మాట కాబట్టి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

ఏ వస్తువూ శాశ్వతం కాదని, ప్రతి తీస్తూ ఉండాలని మన వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. తాటాకు శాశ్వతం కాదు. పురుగు కొడుతుంది, అంచులు విరుగుతాయి. అందుకే ఒక తరం వాళ్లు పాత తాళపత్రం ముందు పెట్టుకుని కొత్త ఆకుల మీద ప్రతి రాసుకునేవారు. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి వేమన పద్యాలకు, కావ్యాలకు ప్రతులు రాయించాడు, పాఠాలు సరిచూపించాడు. ఏ ఆకూ వెయ్యేళ్లు ఆగకపోయినా నన్నయ భారతం మన దాకా వచ్చింది ప్రతి రాసిన చేతుల వల్లే. మీ ఫొటోలకు కూడా అంతే. అయిదారేళ్లకోసారి కొత్త డిస్కులోకి ప్రతి తీయడం ఇంట్లో ఒకరి బాధ్యతగా పెట్టుకోండి. ఎవరి బాధ్యతో పేరు చెప్పి మరీ అప్పగించండి.

చివరగా, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఫొటోరెక్ తెచ్చిన ఫొటోలకు పాత పేర్లుండవు, అంకెలే ఉంటాయి. తేదీ ఫొటో లోపల రాసి ఉంటుంది గానీ, కెమెరా బ్యాటరీ అయిపోయి గడియారం మొదటికొస్తే చాలా కెమెరాలు ఏ ఫొటో తీసినా 2000 జనవరి 1 అనే రాసుకుంటాయి. ఏ ఊరో, ఎవరి పెళ్లో, ఎవరు ఎవరో ఏ ప్రోగ్రామూ చెప్పదు.

మా పెద్దమ్మ ఇంట్లో పాత కార్డులోంచి గృహప్రవేశం ఫొటోలు బయటికొచ్చిన రోజు పిల్లలంతా చుట్టూ చేరారు. పాలు పొంగించే చోట నిలబడ్డ వాళ్లను గుర్తుపట్టడానికి మా తరం వాళ్లమే తడబడ్డాం. "పెద్దమ్మా, ఎర్రంచు చీర కట్టుకున్నావిడ ఎవరు?" అని అడిగాను. కళ్లజోడు సరిచేసుకుని చూసింది. "ఎవరేమిట్రా, మీ తాతయ్య మేనత్త కూతురు. ఈ ఇంటికి శంకుస్థాపనకు కూడా ఆవిడే వచ్చింది. ఆవిడ చేతిమీదుగా మొదలుపెట్టిన పని ఏదీ ఆగలేదు" అంది. పక్కనున్న పిల్లాడిని చూపించి వాడు ఆవిడ మనవడని, ఇప్పుడు కాకినాడలో ఉన్నాడని, వాళ్ల ఫోను నంబరు కూడా చెప్పింది. అంతవరకు ఎవరో అనుకున్న మొహాలు ఆ గంటలో చుట్టాలయ్యాయి. పెద్దమ్మ చెబుతుంటే ఒక్కొక్క ఫొటోకు పేర్లు రాసుకున్నాం. ఆవిడ గొంతును ఫోన్‌లో రికార్డు చేసి ఆ ఫోల్డర్లోనే పెట్టాం.

కాబట్టి శ్రోతలారా, వచ్చే ఆదివారం అటక మీది పెట్టె దించండి. సీడీలు, కార్డులు, పాత కెమెరా, పాత ఫోను, వాటి వైర్లు అన్నీ ఒక చోట పెట్టండి. ఫార్మాట్ అని అడిగితే వద్దనండి. ముందు ప్రతి తీయండి, ఆ తరవాతే వెతకండి. దొరికినవాటిని మూడు చోట్ల దాచండి, నచ్చిన పాతిక ఫొటోలు ప్రింటు వేయించండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు రాయండి. పెద్దవాళ్లు వేరే ఊళ్లో ఉంటే ఫొటోలు పట్టుకుని మీరే వెళ్లండి. పాత యంత్రం ఇవాళ దొరక్కపోతే రేపైనా ఎక్కడో ఒకచోట దొరకొచ్చు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లను పేరు పెట్టి చెప్పగలిగిన మనిషి ఇవాళ ఉన్నారు. ఆ మనిషి ఉండగానే ఈ పని పూర్తిచేయండి.